అమ్మమ్మ పాల పద్దు కాగితాలు కాన్వాసు మీద అతికిస్తే ఊదారంగు పారింది. మిక్స్‌డ్ మీడియా చేసేవాళ్లు చెప్పండి

పాలపద్దు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బొమ్మలు వేయడం చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ ఎక్కడా నేర్చుకోలేదు. ఏడాదిగా కాగితం, గుడ్డ, రంగు అన్నీ కలిపి ఒకే బొమ్మలో వేయడం మీద పడ్డాను.

మా అమ్మమ్మ గుడివాడ దగ్గర పల్లెలో రెండు గేదెలు పెట్టుకుని ముప్పై ఏళ్లు పాలు పోసింది. ఎవరింటికి ఎన్ని పాలు, ఎవరు ఎంత బాకీ అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేది. ఆవిడ పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. 'పోస్టుమాస్టరు గారు, అర్ధ. టీచరమ్మ, పావు. బాకీ 4 రూ.' పేజీల నిండా ఇవే. ఆవిడ చేతిరాత ఇంకెక్కడా లేదు.

పోయిన ఆదివారం నాలుగు పేజీలు విడదీసి తెల్ల జిగురుతో కాన్వాసు మీద అతికించాను. మూడు జరిగాయి. కాగితం అంతా ముడతలు పడింది. పెన్సిల్ రాత ఉన్నట్టుండి ఊదారంగులోకి తిరిగి పారిపోయింది, ఒక పేజీలో అసలు అక్షరమే లేదు. దాని మీద ఆకుపచ్చ, ఎరుపు అక్రిలిక్ వేస్తే మొత్తం బురదలా అయింది. రాత్రంతా ఏడుపొచ్చింది.

గోడరాత గారూ, మీరు ఇక్కడ పెట్టిన గోడల బొమ్మలు చూసే నేను ఇది మొదలుపెట్టాను. మీరు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివారా? పొర మీద పొర వేస్తున్నా కింది పొర అంత శుభ్రంగా ఎలా కనిపిస్తుంది? ఏది దాచాలో ఏది వదలాలో మీకు ఎలా తెలుస్తుంది?

పాతకాగితం:

అమ్మా, ముందు మిగిలిన పేజీల్ని ఆపండి. ఇంకొక్కటి కూడా విడదీయొద్దు.

మీరు చెప్పినదాన్ని బట్టి అది మామూలు పెన్సిల్ కాదు, కాపీయింగ్ పెన్సిల్. అందులో గ్రాఫైటుతో పాటు ఊదారంగు అద్దకం రంగు కలుపుతారు. పొడిగా ఉన్నంతసేపూ బూడిదరంగులోనే ఉంటుంది, తడి తగలగానే ఊదాగా మారుతుంది. చెరిపితే పోదు కాబట్టి లెక్కలకూ రసీదులకూ పూర్వం దీన్నే వాడేవారు. మీ అమ్మమ్మగారు కూడా ఎవరూ దిద్దకుండా ఉండాలని అదే ఎంచుకుని ఉండొచ్చు. మీ జిగురులో తప్పేం లేదు, అందులో ఉన్న నీళ్లు చాలు.

నేను పాత పుస్తకాలు బాగుచేసే పనిలో ఉన్నాను. చేయాల్సింది ఇది: ప్రతి పేజీనీ 600 డీపీఐలో, అంటే సన్నగీత కూడా పోనంత వివరంగా, స్కాన్ చేయండి. బొమ్మలోకి లేజర్ ప్రింటు మాత్రమే తీసుకోండి. లేజర్ ప్రింటులో నలుపు ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది, నీళ్లకు కదలదు. ఇంక్‌జెట్ అయితే మళ్లీ ఇదే కథ. అసలు పుస్తకాన్ని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, చెమ్మ తగలని చోట పెట్టండి.

ఇంకోమాట. న్యూస్‌పేపర్ ముక్కలు వాడేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అది చవక గుజ్జుతో చేసిన కాగితం. అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల వెలుతురుకి పసుపెక్కి పెళుసవుతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా బైండింగు వాళ్లు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. పురుగు రాదు గానీ కాలం గడిచేకొద్దీ ఆ కాగితాన్ని అది కూడా తింటుంది. పైగా విషం, చేత్తో ముట్టుకోకూడదు.

గోడరాత:

పాలపద్దు గారూ, పైన చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ఆ పెన్సిల్ సంగతి ఊహించలేకపోయేవాణ్ణి.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కాలేజీ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటి జవాబూ దాంట్లోనే ఉంది.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. పదో తరగతి తర్వాత విజయవాడ గాంధీనగర్‌లో ఒక పెయింటరు గారి దగ్గర చేరాను. సినిమా పంపిణీ ఆఫీసులన్నీ అక్కడే ఉండేవి, బ్యానర్ల పని ఎప్పుడూ ఉండేది. కానీ కొత్తగా చేరినవాడికి బ్యానర్ ఇవ్వరు. ముందు గోడలు. ఎరువుల కంపెనీ, సిమెంటు, ఎలక్షన్లు. తెల్లవారుజామున సైకిలు మీద రెండు డబ్బాలు, ఒక నిచ్చెన. పాత రాత మీద సున్నం కొట్టాలి, అది ఆరాక కొత్త రాత రాయాలి.

సున్నం గురించి కొంచెం చెప్పనివ్వండి. తడిగా ఉన్నప్పుడు సున్నం కింది అక్షరాన్ని మూయదు. నీళ్లలా పలచగా కనిపిస్తుంది, కిందున్న ఎరుపంతా అలాగే తెలుస్తుంటుంది. కొత్తవాడు భయపడి ఇంకో చేయి పూత, ఇంకో చేయి పూత వేసేస్తాడు. గాలి తగిలి ఆరుతున్నకొద్దీ తెలుపు తనంతట తానే పైకి వస్తుంది. ఆరిన తర్వాత చూస్తే మూడు చేతులు వేసినచోట మందమై పెచ్చులు లేస్తుంది, ఒక్క చేయి వేసినచోట గట్టిగా ఉంటుంది. మొదటి నెలలో నేను వేసిన గోడ అలాగే పెచ్చులూడితే మా గురువుగారు ఏమీ అనలేదు. ఒక స్టూలు తెచ్చి గోడ ముందు వేసి, 'కూచుని చూడరా, అది ఆరేదాకా లేవకు' అన్నారు. ఏప్రిల్ నెల. గంటసేపు కూర్చున్నాను. తెలుపు అంచుల నుంచి లోపలికి నడుచుకుంటూ వచ్చింది. తర్వాత నేను ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా ఆ గంటకు సాటిరాలేదు.

వానాకాలం వచ్చేసరికి ఇంకో పాఠం. రెండు వానలు పడితే సున్నం కరిగి పాత రాతలు బయటికి వచ్చేవి. నేను రాసిన సిమెంటు ప్రకటనలోంచి అంతకుముందు ఎలక్షన్ల గుర్తు, దాని కిందనుంచి నేను పుట్టకముందు ఎవరో రాసిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. కంపెనీ వాళ్లు వచ్చి తిట్టేవారు. నేను మాత్రం ఆ గోడ దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఆ త్రికోణం గీసిన మనిషి అంచులు ఎంత సూటిగా తీశాడంటే, నాలుగు సున్నాల కింద ఉండి కూడా వంకర లేదు.

ఇంట్లో మా అమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు ఐదారు పొరలు పరిచి పొడుగు టాకాలు వేసేది. లోపలికి పోయే చీరకు చిరుగు ఉంటే ముందు ఆ చిరుగు కుట్టేది. ఎవరికీ కనిపించదు కదమ్మా అంటే, లోపల చిరుగుంటే పైన ఉండ కడుతుంది, పడుకున్నవాడికి ఒత్తుకుంటుంది అనేది. కింది పొర శుభ్రంగా ఎలా కనిపిస్తుందన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నేను కింది పొరను అదే చివరి పొర అన్నట్టు వేస్తాను. అక్షరాలైతే తలకట్టుతో సహా, ఒత్తులకు చోటు వదిలి, దారం కొట్టి గీత తీసి పూర్తిగా రాస్తాను. ఎలాగూ కప్పేస్తాం కదా అని కింద గబగబా పూసేస్తే, తర్వాత గీకినప్పుడు బయటికి వచ్చేది ఆ గబగబాయే.

2000 తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. గోడపనీ బ్యానర్ పనీ రెండూ రెండుమూడేళ్లలో పోయాయి. మా వీధిలో ఉన్న పెయింటర్లలో కొందరు ఫ్లెక్సు షాపుల్లో కంప్యూటరు నేర్చుకున్నారు, కొందరు ఇళ్లకు రంగులు వేసే పనికి వెళ్లారు. నేను ఇళ్ల రంగుల పనికి వెళ్లాను. పాత ఇళ్లలో గోడలు గీకుతుంటే పచ్చ, దాని కింద గులాబీ, దాని కింద నీలిమందు సున్నం. ఆ పెచ్చుల్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. నా మొదటి బొమ్మ ఆ పెచ్చులతో చేసిందే.

అప్పటికి ఇలా చేసేవాళ్లు ప్రపంచంలో ఉన్నారని నాకు తెలియదు. లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే పికాసో 1912లో చేసిన చిన్న బొమ్మ కనిపించింది. కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాసుకి అతికించి, చుట్టూ తాడు బిగించాడు. ఆ తర్వాత రాషెన్‌బర్గ్ అనే అమెరికా చిత్రకారుడు 1955లో చేసిన 'బెడ్' చూశాను. బొంతనీ దిండునీ కాన్వాసులా నిలబెట్టి వాటిమీద రంగు పోశాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఇంకా ఆశ్చర్యం, ఆయనే 1975లో అహ్మదాబాద్ వచ్చి, గాంధీ ఆశ్రమానికి చెందిన చేతికాగితం మిల్లులో పనిచేశాడు. అక్కడ కాగితం గుజ్జు, చింతపిక్కల పొడి, మెంతిపొడి, సుద్ద, జిగురు కలిపిన ముద్దతో బొమ్మలు చేశాడు. చింతపిక్కల జిగురు తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు వేసే మన నకాషీ వాళ్లు తరతరాలుగా గుడ్డకు పట్టిస్తున్నదే. అంత దూరం నుంచి వచ్చినాయన చేతికి మన వంటింటి వస్తువే అందింది. ఇది చదివాకే నేను చేర్యాల వెళ్లాను.

ఇక పని. నేను చేసే పద్ధతి చెబుతున్నాను, మీకు తోచినట్టు మార్చుకోండి.

బిగించిన కాన్వాసు మీద మందంగా కాగితం పెట్టను. అది ఊగుతుంది, కాగితం ఊగదు, ఎక్కడో ఒకచోట విడిపోతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని ముందూ వెనకా రెండువైపులా జిగురు నీళ్లు పట్టిస్తాను. ఒకవైపే పట్టిస్తే పలక వంగిపోతుంది. దానిమీద ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర ముక్క అతికిస్తాను. ఆ చీర మీద చేర్యాల పద్ధతిలో పూత: మెత్తటి సుద్ద, చింతపిక్కల అంబలి, తుమ్మజిగురు. మూడు చేతులు. ఒకటి నిలువుగా, ఆరాక ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా. ప్రతిదాని తర్వాత ఎమ్రీ పేపరుతో రుద్దుతాను. చేత్తో తడిమితే కోడిగుడ్డు పెంకులా ఉండాలి. పిక్కలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించి, గుడ్డలో వడకట్టాలి. ఓపిక లేకపోతే షాపులో దొరికే అక్రిలిక్ జెస్సో అనే తెల్లటి అడుగుపూత వాడండి, తప్పేం లేదు. సున్నం మాత్రం వద్దు. గోడ కదలదు కాబట్టి అక్కడ నిలుస్తుంది, గుడ్డ మీద పగిలి రాలుతుంది, పైగా దాని ఘాటుకు కొన్ని రంగులు చచ్చిపోతాయి.

తర్వాత రాత. ఎర్రకావి, నీలిమందు, నలుపు, ఈ మూడే. మీరు ఎరుపూ ఆకుపచ్చా తడిమీద తడి కలిపారు, ఇలా ఒకదానికొకటి పూర్తి విరుద్ధంగా ఉండే ఏ రెండు రంగుల్ని కలిపినా బురదే వస్తుంది. అదే ఎరుపు పూర్తిగా ఆరాక దానిమీద నీళ్లలాంటి ఆకుపచ్చ వేసి చూడండి. రెండూ విడివిడిగా ఉంటాయి, మధ్యలో మూడోది కనిపిస్తుంది.

ఇప్పుడు ఏది దాచాలి అన్న ప్రశ్న. రాత ఆరాక పలకను మంచం మీద నిలబెట్టి రెండురోజులు వస్తూ పోతూ చూస్తాను. చూడకపోయినా నా కన్ను తనంతట తాను వెళ్లే చోట్లు మూడో నాలుగో తేలతాయి. ఆ చోట్ల కొవ్వొత్తి రుద్దుతాను. తర్వాత మొత్తం మీద పలచటి తెలుపు వేస్తాను. అది ఆరుతుండగా మైనం ఉన్నచోట బ్లేడు వెనకవైపుతో గీకితే తెలుపు లేచొస్తుంది, కింద అక్షరం కొత్తగా రాసినట్టు ఉంటుంది. మిగతాచోట నీడలా తెలుస్తుంది. మైనం ఉన్నచోట మళ్లీ ఏదీ అంటుకోదు కాబట్టి పైన కాగితం పెట్టాలనుకుంటే ముందు బాగా తుడవండి.

కాగితం ముడతల సంగతి. పొడి కాగితానికి ఒకవైపే జిగురు రాస్తే ఆ వైపే సాగుతుంది, ముడత పడుతుంది. ముందే రెండువైపులా తడిపి, రెండు నిమిషాలు నీళ్లు తాగనివ్వండి. జిగురు పలకకు రాయండి, కాగితానికి కాదు. మధ్యలోంచి అంచులకు పాత ఏటీఎం కార్డుతో నెట్టండి. మైదా మాత్రం వద్దు. నా రెండో బొమ్మ, నాలుగడుగులది, పోస్టర్ల మైదాతో చేశాను. ఒక వానాకాలం బీరువా వెనక పెట్టి తీసి చూస్తే వెండిరంగు సన్నటి పురుగులు కాగితమంతా జల్లెడ చేశాయి. ఎనిమిది నెలల పని.

అమ్మమ్మగారి రాతకు నేనైతే ఇంకో దారి చెబుతాను. లేజర్ ప్రింటును అద్దంలో కనిపించినట్టు తిప్పి తీయించండి. ఇది మర్చిపోతే తెలుగంతా తిరగబడి వస్తుంది. పలక మీద అక్రిలిక్ జెల్ (రంగులేని చిక్కటి అక్రిలిక్ జిగురు) పూసి, ప్రింటును బోర్లా పెట్టి అదమండి. ఒక రాత్రి వదిలేయండి. పొద్దున తడిగుడ్డతో కాగితం వెనకభాగాన్ని నానబెట్టి, వేలితో గుండ్రంగా రుద్దండి. నలుగుపిండి రాలినట్టు కాగితం నలుసులు నలుసులుగా రాలిపోతుంది, అక్షరం మాత్రం పలకకు అంటి ఉండిపోతుంది. గోరు తగలనివ్వకండి. రుద్దుతుంటే 'బాకీ'లో బా ముందు బయటికి వస్తుంది, తర్వాత గుడి దీర్ఘం. ఆవిడ అక్షరం మీ వేలి కింద మళ్లీ పుడుతుంది. ఆ పని ఫోను పక్కన పెట్టి చేయండి.

స్వర్ణముఖి ఒడ్డు:

శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నాను. పెళ్లికి ముందు పదేళ్లు కలంకారీ చేశాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను.

రంగు పారిపోవడం మాకు రోజూ ఉండే భయం. అందుకే గుడ్డను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతాం. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టిన చోటే రంగు ఆగుతుంది. కరక్కాయ వగరు వల్ల, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి చేసిన ద్రవం గుడ్డను తాకగానే నల్లబడుతుంది. మా దగ్గర పొరలు ఒకదానిమీద ఒకటి కూర్చోవు, గుడ్డ లోపలికి దిగుతాయి. ఒక రంగు, ఏట్లో ఉతుకు, ఎండ, మళ్లీ ఇంకో రంగు.

మీ అమ్మమ్మ పాలు పోసిందన్నారు కదా. నూలుగుడ్డను పాలూ కరక్కాయలో ముంచి, దానిమీద ఆవిడ లెక్కల్ని మీ చేత్తో రాసి చూడండి. కొత్తలో వాసన వస్తుంది, ఉతుకుల్లో పోతుంది.

గోడరాత గారు చెప్పని మాట ఒకటి చెబుతాను. పారిన రంగంతా చెడిపోయినట్టు కాదు. ఆ ఊదా పేజీని పారేయొద్దమ్మా.

గోడరాత:

నిజమే అక్కా. ఆ మాట నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. పారేయకండి.

పాలపద్దు (నాలుగు వారాల తర్వాత):

అందరికీ దండాలు. పుస్తకం మొత్తం స్కాన్ అయింది, 112 పేజీలు. అట్టపెట్టెలో ఉంది.

18 అంగుళాల పలక చేశాను. చింతపిక్కలు మా అత్తయ్య రుబ్బి పెట్టింది. చీర అమ్మమ్మదే, అంచు దగ్గర చిరిగి ఉంటే ముందు కుట్టాను. ఎర్రకావితో 'పాలు' అని అడుగు ఎత్తు అక్షరాలు రాశాను, దానిమీద తెలుపు. ఆరేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిజంగానే అంచుల నుంచి వచ్చింది.

ప్రింటు రుద్దుతుంటే 'టీచరమ్మ, పావు' దగ్గర గోరు తగిలి 'పావు' పోయింది. దాన్ని అలాగే వదిలేశాను. ఆ నెల టీచరమ్మగారు పాలు తీసుకోలేదేమో అనిపించింది.

ఊదా పేజీ ఇంకా పెట్టలేదు. జిగురు తగిలితే ఉన్న నాలుగు గీతలు కూడా పోతాయని భయం. అక్షరాలేమీ లేవు, పైనుంచి కిందికి జారిన మరక ఒక్కటే. ఎలా పెట్టాలి?

పాతకాగితం:

జిగురు వద్దు. పారదర్శకంగా ఉండే పలచటి పాలియెస్టర్ షీటులో పెట్టి, షీటు అంచుల్ని కుట్టండి. సూది కాగితానికి తగలకూడదు.

గోడరాత:

అవును, కుట్టండి. బొంత టాకాలే వేయండి, పొడుగ్గా, తెల్లదారంతో. పలకకు ముందుగా సన్నటి మేకుతో రంధ్రాలు చేసుకోండి, సూది విరగదు. పైన మూలలో కాకుండా 'పాలు'లో కొమ్ము కిందికి దిగేచోట పెట్టి చూడండి, మరక జారిన దిక్కూ అదే కదా. కుట్టేముందు రెండురోజులు అక్కడ ఊరికే ఆనించి, వస్తూ పోతూ చూడండి. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం వేలాడదీయకండి, ఆ ఊదా వెలుతురికి వెలిసిపోతుంది.